నీలక్క సీన్లకి నేను చేసిన గ్రేడింగ్

ఒక మనిషి ఆరు నెలల కష్టాన్ని నేను ముప్పావు గంటలో పాడుచేశాను. ఊరికే పాడుచెయ్యలేదు. శుభ్రంగా కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ప్రతి కట్టకీ చీటీ రాసి మరీ పాడుచేశాను. అయ్యాక ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. కింద "గది సర్దితే మనసు సర్దుకుంటుంది" అని సూక్తి కూడా రాశాను. పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పంపించారు. వాళ్ళందరికీ ఈ రోజుకీ అసలు సంగతి తెలీదు.

చెప్తాను. మధ్యలో టీ చల్లారిపోతే నన్ననకండి.

మాది పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ముందు ఇల్లు, వెనక ఫ్యాక్టరీ. జీడిపిక్కలు కొనడం, బాయిలరు, లారీలు మా ఆయన చూసుకుంటారు. గ్రేడింగ్ హాలు నాది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. గుండు గుండులోకి, బద్ద బద్దలోకి, ముక్క ముక్కలోకి, ఇంకా నలిగిపోయినది నూకలోకి. చూపు పడితే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. పెళ్ళిభోజనంలో పాయసం వడ్డిస్తే గరిటెలోకి చూసి "గుండని చెప్పి బద్ద అంటగట్టారు మీకు" అంటాను. మా అమ్మాయి నాతో పెళ్ళిళ్ళకి రావడం మానేసింది.

ఇక నీలక్క. అసలు పేరు నీలవేణి. టెక్కలి కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్. హాస్టల్లో మా అందరి సెలవు చీటీలూ ఆవిడే రాసేది. మాట్నీకి వెళ్ళాలంటే ఎవరో ఒకరి మామ్మ చచ్చిపోవాలి కదా! నీలక్క చేతిలో పోయిన మామ్మలకి లెక్కలేదు. అయినా ఒక్క చీటీ కూడా దొరికిపోలేదు. ఎందుకంటే ఆవిడ దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ఏ పిల్ల మామ్మ ఎప్పుడు పోయింది, తల్లి వైపా తండ్రి వైపా, జ్వరమా, నూతి దగ్గర జారిపడటమా, పెదకర్మ అయిందా లేదా, అన్నీ అందులో ఉండేవి. ఒకసారి నేను తొందరలో ఉండి, "అక్కా, మా మామ్మ పోయిందని రాసియ్యవా" అన్నాను. ఆవిడ పుస్తకం తిరగేసి తల ఎత్తకుండా చెప్పింది.

"నీకు మామ్మలిద్దరూ అయిపోనారే. ఇక మేనత్తలతో సరిపెట్టుకో."

అప్పుడు నవ్వాను. ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

డిగ్రీ అయ్యాక ఆవిడ హైదరాబాద్ వెళ్ళిపోయింది. మొదట ఒక టీవీ సీరియల్లో "ఇంతవరకు జరిగిన కథ" రాసే పని. రోజుకి నాలుగు వాక్యాలు. తర్వాత డైలాగులు. పొద్దున్న ఆరింటికి సెట్‌కి వెళ్ళి, హీరోయిన్‌కి జడ వేసేలోగా ఆవిడ ఏడవాల్సిన సీను రాసిచ్చేది. ఒక నటుడికి డెంగ్యూ వస్తే గంటలో ఆ పాత్రని దుబాయ్ పంపేసి, అతనికి తగ్గిన రోజునే విమానం దింపింది. అత్తగారి వేషం వేసే ఆవిడ అలిగి మానేస్తే, కొత్తావిడ దొరికేదాకా మూడు వారాలు ఆ అత్తగారిని తలుపు అవతలి నుంచే అరిపించిందట! ఎవరికీ అనుమానం రాలేదు. పైగా అత్తగారి గొంతులో పదును పెరిగిందని ఉత్తరాలు వచ్చాయట.

ఆ తర్వాత సినిమాలు. ఎనిమిది మంది మగవాళ్ళు కూర్చునే కథా చర్చల గదిలో తొమ్మిదో కుర్చీ ఆవిడది. హాలంతా నవ్విన సీను ఆవిడ రాసింది, తెర మీద పేరు ఇంకొకరిది. ఆవిడ పేరు "సహకారం" కింద, జనం లేచి చెప్పులు వెతుక్కునే టైముకి వచ్చేది. ఇదంతా మా వంటింటి గట్టు మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, ఎవరికో జరిగినట్టు చెప్పింది. నేను పోపు మాడ్చుకుంటూ విన్నాను.

యాభై దాటాక ఇప్పుడు ఆవిడ సొంత కంపెనీ పెట్టింది. మన ఉద్దానం జీడితోటల మీదే ఎనిమిది భాగాల వెబ్ సిరీస్. రచన ఆవిడే, నిర్మాతా ఆవిడే. మొదటిసారి పేరు ముందు పడుతుంది. కాకపోతే ఓటీటీ వాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు ఒక్కసారే వింటారు. నచ్చితే షూటింగ్, నచ్చకపోతే ఇంకొకరి కథ. రెండోసారి వినడాలు లేవు.

ఐదు నెలలుగా రాస్తున్న ఆ కథని పూర్తి చెయ్యడానికే మా మేడ మీద గదిలో దిగింది. మొదటి వారం రోజులు నా హాల్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని పప్పు ఏరింది. తప్పుగా ఏరింది గానీ శ్రద్ధగా ఏరింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. భోజనం మెట్ల మీద పెట్టమంది. "ఊడవొద్దు, తుడవొద్దు, ఎవులూ రావొద్దు" అంది. పద్దెనిమిది రోజులు ఆ గదిలో చీపురు పడలేదు. కింద నాకు నిద్ర పట్టలేదు.

ఓటీటీ వాళ్ళు మధ్యాహ్నం మూడు గంటల ట్రైన్‌కి వస్తారన్న రోజు, పొద్దున్నే నీలక్క తోటలు చూడ్డానికి సముద్రం వైపు బయల్దేరింది. ఆటో ఎక్కుతూ, "టీ, నీళ్ళూ నువ్వు సూసుకో హేమా. మిగతాది నాది" అంది.

మిగతాది అంటే గది అని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళాను. రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది. తలుపు తీశాను. ఓలమ్మో! నేల కనబడదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్డులు. పసుపు, గులాబీ, నీలం, తెలుపు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కొన్ని మడతలు, కొన్నిటి మీద టీ మరకలు. కిటికీ ఊచలకి బట్టల క్లిప్పులతో ఇంకొన్ని. కిటికీ కింద బస్సు టికెట్లు, కవరు అంచులు, చిరిగిన కాగితం ముక్కలు ఓ పాతిక. హైదరాబాద్ నుంచి వచ్చే పెద్దమనుషులు ఎక్కడ కూర్చుంటారు? దీని మీదా?

నేను పారెయ్యలేదు. అంత తెలివితక్కువదాన్ని కాదు. గ్రేడింగ్ చేశాను.

పసుపు పసుపులోకి, గులాబీ గులాబీలోకి. మడత లేనివి పైన, మడతలవి కింద, మరకలవి అడుగున. నూట నలభై రెండు కార్డులు. నాలుగు కట్టలు, నాలుగు చీటీలు, చీటీ మీద రంగు, లెక్క. చిరుగు ముక్కలు ఎందుకూ పనికిరావు కదా, అవి నూక. ఒక కవర్లో వేసి వెనక్కి పంపించేశాను. నేల తడిగుడ్డతో తుడిచి, చాప పరిచి, మంచం మీద కొత్త దుప్పటి వేసి, మధ్యలో చిన్న టేబులు మీద కట్టలు నాలుగూ వరసగా పెట్టి ఫోటో తీశాను. నిజం చెప్పొద్దూ, గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పదకొండున్నరకి నీలక్క వచ్చింది. నేను వెనకే వెళ్ళాను, పొగుడుతుందని. గుమ్మంలో ఆగిపోయింది. చాపనీ, కట్టల్నీ చూసింది.

"హేమా, గాలేమైనా వొచ్చిందేటి?"

"లేదక్కా. నేనే సర్దాను."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండును.

"కార్డుల వెనకాల నంబర్లు ఉంటాయి కదక్కా" అన్నాను.

"లేవే. నంబర్ ఏస్తే సీను అక్కడే కుదురుకుంటాది. కదపబుద్దవదు."

"లాప్‌టాప్‌లో..."

"సీన్లున్నాయి, విడివిడిగా. వరస నేల మీద ఉంది. పొద్దున్నే మొత్తం మార్చాను."

మధ్యాహ్నం వినడానికి వస్తున్నది ఆ వరసనే. సరిగ్గా ఆ టైములో నా ఫోన్ మోగింది. స్టేటస్ చూసి మా అమ్మాయి పంపిన మెసేజ్: "అమ్మా సూపర్. సర్దకముందు ఫోటో ఏదీ?"

సర్దకముందు ఫోటో! అదొక్కటి తీసి ఉంటే ఈ కథే లేదు. చెత్తకి ఎవరైనా ఫోటో తీస్తారా అనుకున్నాను.

నేను చాలా సేపు "క్షమించక్కా, బుద్ధి లేదక్కా" అని ఏదేదో అన్నట్టున్నాను. ఆవిడ వినలేదు. లేచి చెప్పులు విడిచి గది మధ్యలోకి వెళ్ళింది. చాప చుట్టి అవతల పెట్టింది. గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది.

"కట్ట విప్పు. ఒక్కొక్కటీ చదువు. ఎక్కడ పెట్టాలో సెప్తాను. నువ్వు పెట్టు."

"నూట నలభై రెండూనా?"

"ఎన్నో లెక్క కూడా ఏశావా?" అంది కళ్ళు తెరవకుండా. "మంచిదే. చదువు."

కథ అప్పటికి నాకు పైపైనే తెలుసు. తుఫానుకి కూలిన జీడితోట. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లి అమ్మేద్దామంటుంది, అక్క మళ్ళీ మొక్కలు నాటుతానంటుంది. మధ్యలో అమ్మిపెడతానని తిరిగే బ్రోకరు. అక్కకి పసుపు కార్డులు, చెల్లికి గులాబీ, బ్రోకరుకి నీలం, అందరూ కలిసిన చోట తెలుపు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను.

"పసుపు. అక్క ఆఫీసు బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్తుంది."

"మొదటి వరస. తలుపు నుంచి ఏడు."

"నీలం. బ్రోకరు తోటలో అడుగులు కొలుస్తాడు."

"రెండో వరస, మూడు. కాదు, ఆగు. చెల్లి అప్పటికి అతన్ని సూసిందా?"

"నాకేం తెలుసక్కా!"

"సూడలేదు. సూసుంటే బస్టాండులో ఆ మాట అనదు. అయితే మూడే."

పది కార్డులయ్యేసరికి నాకు భయం తగ్గింది. పాతికయ్యేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఏ కార్డు ఎక్కడుందో ఆవిడ గుర్తు తెచ్చుకోవడం లేదు! ఏ మనిషికి ఏం తెలుసు, ఎవరికి ఇంకా తెలీదు, ఎవరు ఎవరి దగ్గర ఏం దాచారు, అవన్నీ ఆ మూసిన కళ్ళ వెనక నడుస్తున్నాయి. అక్కకి సంగతి తెలియకముందు ఈ సీను, తెలిసాక ఆ సీను. అబద్ధం చెప్పాక ఇది, ఆ అబద్ధం బయటపడకముందు అది. మామ్మల పుస్తకం! ఆ పుస్తకమే ముప్పై ఏళ్ళలో ఇంత పెద్దదైంది. అందులో చావులే కాదు, ఇప్పుడు బతుకులు కూడా ఉన్నాయి.

నమ్మలేక ఒక దొంగపని చేశాను. పెట్టేసిన కార్డే ఇంకోసారి తీసి, గొంతు మార్చకుండా చదివాను.

"అది ఇందాకే పెట్టేసినాం" అంది. "నా బుర్రకి గ్రేడింగ్ సేత్తన్నావేటే?"

బుద్ధిగా తర్వాత కార్డు తీశాను. ఒకచోట చెల్లి, అక్కకి తెలియకుండా కాగితాల మీద సంతకం పెట్టి, ఇంటికొచ్చి అక్కకి తలకి నూనె రాస్తుంది. ఆ కార్డు చదివి నేను ఆగిపోయాను.

"ఏటయింది?"

"తర్వాతేటవుద్దక్కా?"

"తర్వాత కార్డు నీ చేతిలోనే ఉందే. చదివితే తెలుత్తాది."

కళ్ళలో నీళ్ళు రాలేదు లెండి. పిక్కల పొగకి అలవాటు పడిన కళ్ళు అవి. కానీ తర్వాత కార్డు గబగబా చదివేశాను.

మూడు గంటలకి పావుగంట ఉండగా నూట నలభై రెండూ నేల మీద ఉన్నాయి. ఆవిడ కళ్ళు తెరిచి, లేచి, వరసల మధ్య నడిచింది. రెండు కార్డులు అటూ ఇటూ మార్చింది. అంతే! నేను గోడకి చేరగిలబడి ఆవిడనే చూస్తున్నాను. మనిషేనా? ఎనిమిది మంది మగవాళ్ళు ఇన్నేళ్ళూ ఈ బుర్రని తొమ్మిదో కుర్చీలో కూర్చోబెట్టారా?

అప్పుడు ఆఖరి వరస చివర ఆగింది. అక్కడ చోటు ఖాళీగా ఉంది.

"చిన్న ముక్కలుండాలే హేమా. కిటికీ కింద. బస్సు టికెట్లూ అవీ."

నేను ఆ ఖాళీ చోటు వైపు చూశాను.

"అవి... నూకలో వేశానక్కా."

"నూకంటే?"

"బాయిలర్‌కి."

ఆ రోజు మొదటిసారి ఆవిడ కళ్ళలో భయం చూశాను. కార్డులన్నీ కలిసిపోయినా రాని భయం.

"హేమా, నా మాటలు ఎన్నిసార్లు పోయినా మళ్ళీ వొత్తాయి. నేను కట్టినవే కాబట్టి. ఇంకొకరి నోట్లోంచి విన్న మాట అలా రాదు. అందుకే విన్న వెంటనే ఏది దొరికితే దాని మీద రాసుకుంటాను. మిగతావి లేకపోయినా నెట్టుకొత్తాను. కానీ ఆఖరి సీనులో అక్క అనే మాట అందులో ఉంది. మళ్ళీ ఎందుకు నాటేవు అనడిగితే అక్క చెప్పే జవాబు. దాని మీదే కథంతా కట్టాను."

"అర్థం గుర్తుంది కదా?"

"అర్థం సెప్తే ఎవుడు నవ్వుతాడు, ఎవుడు ఏడుత్తాడు? మాట కావాలి."

"ఎవరన్నారక్కా ఆ మాట?"

"మీ దాలమ్మ."

ఇద్దరం మెట్లు దిగి పరిగెత్తాం. బాయిలర్ దగ్గర అడిగితే, "ఆ కవరా? ఎప్పుడో మండిపోనాదమ్మా" అన్నారు. స్టేషన్‌కి వెళ్ళిన మా ఆయనకి ఫోన్ చేసి, "వాళ్ళని స్టేషన్ నుంచి నేరుగా తీసుకురాకండి. జీడిపప్పు మార్కెట్ చూపించండి. నెమ్మదిగా" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. జీడిపప్పు గురించి మాట్లాడమంటే ఆయనకి కారణం అక్కర్లేదు.

దాలమ్మ నా హాల్లో అందరికన్నా పాత చెయ్యి. అరవై దాటింది. ఉద్దానంలో ఆవిడకి ఎకరం తోట ఉండేది, తుఫానుకి పోయింది, మళ్ళీ మొక్కలేసింది. మూడో బల్ల దగ్గర కూర్చుని పప్పు ఏరుతోంది.

"దాలమ్మా, మొన్న నీలవేణి గారు నిన్ను తోట గురించి అడిగితే ఏదో అన్నావట. మళ్ళీ ఒకసారి అను."

"ఎప్పుడమ్మా? తప్పేటన్నాను?"

"తప్పు కాదే. ఆవిడ సినిమాలో పెడతారట."

అక్కడ రెండో తప్పు చేశాను. సినిమా అనే మాట అనకూడదు! దాలమ్మ చేటలో పప్పు పక్కన పెట్టింది. తలకి కట్టిన గుడ్డ విప్పి, చీర కుచ్చిళ్ళు దులిపి, లేచి నిలబడి ట్యూబ్‌లైటు వైపు చూస్తూ చెయ్యెత్తింది.

"ఈ నేల నా తల్లి! ఈ మొక్క నా బిడ్డ! తల్లినీ బిడ్డనీ ఎవరు విడదీస్తారో నేనూ చూస్తాను!"

ఒక్క ఉత్తరాంధ్ర యాస ముక్క లేదు! ఎక్కడ దాచిందో అంత శుద్ధమైన భాష! హాలంతా చప్పట్లు. "దాలమ్మొదినా, ఇంకోపాలి! ఏడుత్తా సెప్పు!" అని వెనక బల్ల నుంచి సరోజిని అరిచింది. దాలమ్మ ఇంకోసారి చెప్పింది, ఏడుస్తూ.

నీలక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెవిలో అంది, "హేమా, ఇది నేను రాసిందే."

"ఏది?"

"ఈ డైలాగు. ఎప్పుడో సీరియల్లో రాశాను. అక్షరం పొల్లుపోకుండా సెప్పింది. నా పాపం తిరిగి నా ఇంటికే వొచ్చింది."

నేనైతే అక్కడే కూలబడేదాన్ని. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టి, "బలే సెప్పినావు దాలమ్మా" అని, ఆ బల్ల దగ్గరే ఒక పీట లాక్కుని కూర్చుంది. చేట ముందుకు లాక్కుని పప్పు ఏరడం మొదలుపెట్టింది! ట్రైన్ వచ్చేసిందని మా ఆయన మెసేజ్ పెట్టారు. నేను గుమ్మంలోంచి గడియారం చూపిస్తున్నాను. ఆవిడ నావైపు చూడదు. బద్దలు తీసి గుండ్లలో వేస్తోంది. కావాలనే వేస్తోందని నాకు తర్వాత అర్థమైంది.

"అది బద్దమ్మా! గుండులో ఏసేత్తన్నావేటి!" దాలమ్మ చెయ్యి మీద కొట్టింది. కొట్టగానే మళ్ళీ మామూలు దాలమ్మ అయిపోయింది.

"సూపు ఆనట్లేదమ్మా" అంది నీలక్క. ఇంకాసేపు ఏరింది. దాలమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. నాకు గుండె ఆగిపోతోంది, వీళ్ళకి మోకాళ్ళు! తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "మీ పక్క తోట ఎవులిది దాలమ్మా?" అంది.

"మా మరిది వరసోడిది. ఏం?"

"మంచోడేనా?"

"మంచోడా!" చేట దభీమని కింద పెట్టింది. "మా సెట్లు పడిపోయిన్నాడు ఓదార్చడానికొచ్చినాడమ్మా. ఒక సేత్తో కళ్ళు తుడుసుకుంటన్నాడు, కాళ్ళతో అడుగులు కొలుత్తన్నాడు!"

"అలాటోడి పక్కన ఎందుకు మరి? అమ్మీసి సుఖంగా కూకోక, ఈ వయసులో మొక్కలెందుకు? నువ్వు కాయ తినేదెప్పుడు?"

"నానేటి కాయ తినడానికి నాటినానా?" దాలమ్మ గొంతు హాలు దాటింది. "నేల ఖాళీగుంటే గట్టుకి కాళ్ళొత్తాయమ్మా! మొక్కలుంటే గట్టు కూకున్నకాడే కూకుంటాది!"

నీలక్క తల ఊపింది. "నిజమే" అంది. ఇంకో పది పప్పులు ఏరింది. అప్పుడు మెల్లగా లేచి, నడిచి, తలుపు దాటగానే "పెన్ను! పెన్ను!" అంది. నా కొంగుకి గ్రేడింగ్ పెన్ను ఎప్పుడూ ఉంటుంది. కాగితం లేదు. నా పిడికిట్లో "గులాబీ, ముప్పై ఎనిమిది" అని నేను రాసిన చీటీ నలిగిపోయి ఉంది. దాని వెనకాల రాసుకుంది.

పద్దెనిమిదేళ్ళు నేను దాలమ్మ పక్కన కూర్చున్నాను. మరిది గురించి వందసార్లు విన్నాను. ఒక్కసారి కూడా ఆ మాట నా చెవిన పడలేదు. పడే ఉంటుంది. నేను పప్పు చూసుకుంటున్నాను.

"మరి నా డైలాగు?" దాలమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"అదీ రాసుకున్నానమ్మా. ఈ గట్టు మాట కూడా పెట్టుకుంటాను. నీ పేరు ఎయ్యనా?"

దాలమ్మ తలకి గుడ్డ మళ్ళీ కట్టుకుంది. "పేరొద్దు. మా మరిది సూడాల. సూసి కుళ్ళాల. నాదని మాత్రం తెలకూడదు."

నాలుగు గంటలకి ఓటీటీ వాళ్ళు మేడెక్కారు. ఒక పడుచు కుర్రాడు, ఒక మేడమ్. ఇద్దరి చేతుల్లోనూ మా ఆయన పెట్టించిన జీడిపప్పు పొట్లాలు. గుమ్మంలో చెప్పులు విడిచి, కూర్చోడానికి చోటు కోసం చూసి, కిటికీ గట్టు మీద సర్దుకున్నారు. చాప వేస్తానంటే నీలక్క నన్ను ఒక చూపు చూసింది. నేను మెట్ల మీద కూర్చున్నాను, టీ ట్రే ఒళ్ళో పెట్టుకుని.

ఆవిడ కాగితం చూసి చదవలేదు. వరసల మధ్య నడుస్తూ చెప్పింది. రెండు గంటలు. నేను ప్రతి కార్డూ చదివినదాన్నే, ప్రతి కార్డూ నా చేత్తో పెట్టినదాన్నే. అయినా చెల్లి అక్క తలకి నూనె రాసేచోట ఊపిరి బిగబట్టాను. టీ మూడుసార్లు చల్లారింది. మూడుసార్లూ లేచి వెళ్ళి వేడి చెయ్యాలనిపించలేదు. టీ చల్లారితే ఊరుకునే మనిషిని కాను, మీకు తెలుసు.

ఆఖరి వరస చివరికి వచ్చి, నా చీటీ ముందు ఆగి, దాలమ్మ మాట దాలమ్మ గొంతుతో చెప్పింది.

మేడమ్ పక్కుమంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కిటికీ గట్టు దిగి, వరసల చివరిదాకా వంగి చూసింది. తర్వాత అడిగింది.

"మేడమ్, ఈ వరస కుదరడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

నీలక్క మెట్ల వైపు తిరిగింది. "ఆరు నెలలూ, ఈవేళ మూడు గంటలూనూ."

మూడో రోజు ఫోన్ వచ్చింది. ఒప్పుకున్నారు. వానలు తగ్గాక షూటింగ్. రచన, నిర్మాత: నీలవేణి. నీలక్క ఫోన్ పెట్టేసి, "హేమా, పల్లీలున్నాయా?" అంది. అంతే. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఒక్క కేక పెట్టాను.

హైదరాబాద్ వెళ్ళే రోజున కార్డులన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసుకుంది. వరస వరసకీ తీసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఇంక ఎత్తి, ఊడ్చేస్తానక్కా."

"నీ ఇష్టమే" అంది. "ఫోటోలున్నాయి కదా. షూటింగ్‌కి వొచ్చినప్పుడు నేలమీద ఉంటే సంతోషం. లేకపోయినా ఏటీ అనను." అని నవ్వి ఆటో ఎక్కింది. తిట్టినా ఇంతకన్నా నయం.

ఆ సాయంత్రమే నిర్ణయం తీసుకున్నాను. ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ గదిలో చీపురు పడదు, గుడ్డ పడదు, నా కాలూ పడదు. రెండో తాళంచెవి దాలమ్మకి ఇచ్చేశాను. నేనడిగినా ఇవ్వొద్దని చెప్పాను. ఒకసారి అడిగాను. ఇవ్వలేదు.

నాలుగు నెలలైంది. వినాయక చవితికి ఇల్లంతా కడిగించాను, ఆ గది తప్ప. దసరాకి సున్నాలు వేయించాను, ఆ గది తప్ప. రోజూ పొద్దున్న మేడ మీద బట్టలారేయడానికి వెళ్ళినప్పుడు కిటికీలోంచి చూస్తాను. రెండో వరసలో, తలుపు నుంచి నాలుగోది, గులాబీ కార్డు, కాస్త వంకరగా ఉంది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెడితే అందుతుంది.

ఈ రోజు కూడా వంకరగానే ఉంది.